బదులు చెప్పలేని పేరంటాలు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కూతుళ్లు. పెద్దది పగడవల్లి, నడిమిది కెంపువల్లి, చిన్నది మంకెన. పెద్దమ్మాయి నెమ్మది. నడిమమ్మాయి మరీ నెమ్మది. చిన్నదాని నోటికి మాత్రం తాళం లేదు. ఎవరేం చెప్పినా "ఎందుకూ?" అంటుంది. "ఎవరు చెప్పారూ?" అంటుంది.

ఏటా అట్లతద్దె నాడు చంద్రుడు పొడవగానే, పళ్లెంలో అట్ల దొంతి పెట్టి పేరంటాళ్లకి వాయనం ఇవ్వడం ఆ రాజ్యంలో ఆచారం. అయితే ఇప్పటిలా కాదు. నోరు మెదపకుండా ఇవ్వాలి, నోరు మెదపకుండా పుచ్చుకోవాలి. వాయనం వేళ ఆడపిల్ల మాట్లాడితే అరిష్టం అనేవారు. ఆ అరిష్టం ఎవరికో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒక తద్దె నాడు పగడవల్లి ముందు మేనత్త వచ్చి కొంగు పట్టింది. పగడవల్లి పళ్లెం అందించింది. వేళ్లు తగిలాయి. అంతే! పిల్ల నోరు తెరిచింది, గొంతు రాలేదు. వచ్చినావిడ మాత్రం తల వెనక్కి వాల్చి, పగడవల్లి గొంతుతోనే కిలకిలా నవ్వుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది. తీరా చూస్తే అసలు మేనత్త ఆ రోజు తన ఊరే దాటలేదు!

మరుసటి తద్దెకి ఆ మాయే పెంచిన దాది రూపంలో వచ్చింది. కెంపువల్లి గొంతు పోయింది.

గొంతు పోతే పోయింది, ఒళ్లు కూడా పాదాల నుంచి కొయ్యబారడం మొదలైంది. మూడో తద్దె వచ్చేసరికి నడిమిదానికి మోకాళ్ల దాకా కొయ్య. పెద్దదానికి పక్కటెముకల దాకా కొయ్య. ఈ తద్దె చంద్రుడు దిగేలోగా గొంతు తిరిగి రాకపోతే పగడవల్లి గుండె కూడా కొయ్యే. తడితే టకటకమంటుంది. ఆ చప్పుడుకి భయపడి రాజు పెద్దకూతురి వీపు మీద చెయ్యి వెయ్యడం కూడా మానేశాడు.

ఇదంతా గండోదరుడనే మాంత్రికుడి పని. మనుషుల గొంతులు మింగి బతుకుతాడు వాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందని రాజ్యమంతా చెప్పుకున్నారు. ముగ్గురు రాకుమారులు బయల్దేరారు. మొదటివాడు ఒక చిలకని తెచ్చి మెడ విరిచాడు. ఏమీ కాలేదు. రెండోవాడూ ఒక చిలకని తెచ్చి మెడ విరిచాడు. ఏమీ కాలేదు. మూడోవాడు, సుధన్వుడు, ఇంకా తిరిగి రానేలేదు.

"ఏడు సముద్రాల అవతలని ఎవరు చెప్పారు నాన్నగారూ?" అంది మంకెన.

"అందరూ అంటున్నారమ్మా."

"ఆ అందరికీ ఎవరు చెప్పారు?"

రాజు తల గోక్కున్నాడు. "వాడే చెప్పుకున్నాడట."

"బాగుంది! ఏ దొంగైనా సొమ్ము దాచిన చోటు దండోరా వేయిస్తాడా?"

"నీతో వాదించలేనే తల్లీ. ఈ ఏడు వాయనమే లేదు. నువ్వొక్కదానివైనా నాకు మిగులు."

అప్పుడు దూలం మీద బల్లి టిక్కుమంది. "అమ్మాయ్, నేను చూశాను. వాడు తల వాల్చి నవ్వినప్పుడు పైనుంచి నోట్లోకి చూశాను. గొంతులో పచ్చటి రెక్కలు, ఎర్రటి ముక్కు. చిలకని మింగి పెట్టుకున్నాడే!"

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"బల్లి పలికితే శకునం చూసుకుంటారే గానీ, ఏమన్నావని అడిగినవాళ్లు ఎవరే?"

మంకెన ఆలోచించింది. చిలక విన్నమాటే అంటుంది. మింగిన గొంతులు ఒకప్పుడు అన్న మాటలే గండోదరుడి దగ్గరున్న మాటలు. మరి లోకంలో ఇంతవరకూ ఎవరూ అనని మాటని బదులుగా అడిగితే? లోపలి చిలకే పలకాలి!

తండ్రిని బతిమాలి, అట్లు పోయించి, అక్కలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుంది. చంద్రుడు పొడిచాడు. ఈదురుగాలి కొట్టి దీపం ఆరింది. మళ్లీ వెలిగించేసరికి పగడవల్లి లేచి నిలబడి ఉంది!

"మంకెనా, జడ సరిగ్గా వేసుకోవే," అంది. అక్క గొంతే. అక్క ఎప్పుడూ అనే మాటే.

"అక్కా!" అంది మంకెన.

"ఆకలేస్తోందే. నా బంగారు చెల్లివి కదూ."

రాజు ఏడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. "నా తల్లి లేచింది! ఇచ్చెయ్యవే, అక్కకి వాయనం ఇచ్చెయ్!"

అక్క కొంగు పట్టింది. నిజంగా అక్కే అయితే? ఇవ్వకపోతే ఆకలితో వచ్చిన అక్కని తరిమినట్టే. కాకపోతే? ఇస్తే ముగ్గురూ కొయ్యబొమ్మలే. మంకెన పళ్లెం వదలకుండా గట్టిగా అంది:

"ఇస్తినమ్మ వాయనం!"

అక్క పెదాలు కదిలాయి. "ఇస్తినమ్మ వాయనం."

మంకెన మళ్లీ అంది. "ఇస్తినమ్మ వాయనం!"

"ఇస్తినమ్మ వాయనం." ఈసారి గొంతు బొంగురుపోయింది. మెడ ఉబ్బింది. మెడలో ఏదో పైకి పాకుతోంది.

"మంకెనా, వద్దే!" అన్నాడు రాజు.

"ఇస్తినమ్మ వాయనం!"

"ఇస్తినమ్మ వాయనం!" అది అక్క గొంతు కాదు, మనిషి గొంతే కాదు, కీచుమన్న కూత! అక్క పళ్ల మధ్య నుంచి ఎర్రటి ముక్కు బయటికొచ్చింది. పళ్లెం జారిపోయింది. మంకెన కొంగు విసిరి, ఆ ముక్కుని బిగించి, చిలకని బయటికి లాగి, మెడ మెలిపెట్టింది.

గండోదరుడు గోడంత పెరిగాడు. పిల్లంత తగ్గాడు. పిడికెడు బూడిదయ్యాడు.

తెర వెనక ఎవరో దగ్గారు. వాడు చీకట్లో అటు తోసేసిన అసలు పగడవల్లి నేల మీద పడి ఉంది. మంకెన చెదిరిన అట్లు ఏరి, ఏడుస్తూ ముందు పెట్టింది. మళ్లీ అంది, ఈసారి మెల్లగా. "ఇస్తినమ్మ వాయనం."

రెండేళ్లుగా పలకని గొంతు. చివరికి ఎలాగో వచ్చింది.

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. అది విని కెంపువల్లి గొల్లుమంది. రాజు పెద్దకూతురి వీపు తట్టాడు. మెత్తగా, వెచ్చగా ఉంది.

కొన్నాళ్లకి సుధన్వుడు వట్టి చేతులతో వచ్చాడు. "ఏడు సముద్రాలూ దాటాను. అవతల చిలకా లేదు, చెట్టూ లేదు. ఒట్టి ఇసుక."

"దారిలో ఏదో ఒక చిలకని పట్టుకురావచ్చుగా?" అంది మంకెన.

"అబద్ధం చెప్పడానికి అంతదూరం పోవాలా?"

ఆ జవాబు నచ్చి మంకెన అతన్ని పెళ్లాడింది. ఇద్దరూ తల నెరిసేదాకా రాజ్యం ఏలారు, రోజూ వాదించుకుంటూ.

అప్పటినుంచి వాయనం వేళ ఆడవాళ్లు మాట్లాడుతున్నారు. మూడుసార్లు ఇస్తినమ్మ అంటారు, మూడుసార్లు పుచ్చుకుంటినమ్మ అనిపించుకుంటారు. మీరూ అలాగే చెయ్యండి పిల్లలూ. ఎదుట ఉన్నది కన్నతల్లే అయినా సరే, బదులు వినేదాకా పళ్లెం వదలకండి.