మూడో గడి

పెంచలయ్య పట్టిన పట్టు వదల్లేదు. పాత కంప్యూటర్లు పోవాల్సిందే, లేకపోతే తాను పోతాడు.

అది కడప వైపు ఒక దర్గాను ఆనుకొని ఉన్న ధర్మాసుపత్రి. అక్కడి కంప్యూటర్ల పెత్తనమంతా జిలానీ మాస్టారిది. ఒకప్పుడు టెలిఫోన్ శాఖలో పనిచేసి, తర్వాత దర్గా నీడకు చేరిన మనిషి. పెంచలయ్య ఆయన శిష్యుడు. మాస్టారి దగ్గర చదువు కావాలంటే ఒక షరతు ఉంది. రోజూ మధ్యాహ్నం వంటింటి నుంచి వార్డులకు అన్నం బండి తోయాలి. పెంచలయ్య గొణుక్కుంటూనే తోసేవాడు. కంప్యూటర్లు నేర్చుకోవడానికొచ్చిన వాడికి ఈ వెట్టి ఏందని వాడి బాధ.

ఇప్పుడు గొడవ మందుల గది దగ్గర. అక్కడున్నవి పాత కంప్యూటర్లు. డాక్టర్ల గదుల్లో కొత్తవి. అన్నీ, వాటికి సమాచారం అందించే పెద్ద కంప్యూటరు సర్వర్‌తో సహా, ఒకే ఈథర్‌నెట్ తీగకు తగిలించి ఉన్నాయి. ఆ తీగ మీద సమాచారం ప్యాకెట్లుగా పోతుంది. ప్రతి ప్యాకెట్ మొదట్లో ఎవరికి, ఎవరి దగ్గర్నుంచి అని రెండు గడులు. తేడా అంతా మూడో గడిలోనే. పాతవి అక్కడ సమాచారం పొడవెంతో రాస్తాయి. కొత్తవి లోపలున్నది ఏ రకమో రాస్తాయి.

“ఒకే గడికి రెండర్థాలుంటే సర్వర్‌కు మతి పోదా?” అని పెంచలయ్య వాదన. అందుకని సర్వర్ కొత్త పద్ధతి ప్యాకెట్లు మాత్రమే వినేట్టు మార్చేశాడు. మందుల గదిలో తెరలన్నీ మూగబోయాయి. పాతవాటిని ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తున్న ఆసుపత్రి మేనేజరుకు ఇంకేం కావాలి! పాత సామాన్ల ఆటోకు కబురంపాడు. అక్కడ మందులిచ్చే, ఆ పాత తెర తప్ప మరొకటి తెలియని కుళ్ళాయమ్మను కూడా రేపట్నుంచి రావద్దన్నాడు.

కుళ్ళాయమ్మ లేవలేదు. కుర్చీని గోడకు జరుపుకొని, కొంగు బిగించి కూర్చుంది.

“నన్ను లేపేవాడు ఇంకా పుట్టలేదు. రమ్మను, చూస్తా.”

“అక్కా, నీ మీద నాకేం కోపం లేదు. ఒక తీగ మీద రెండు పద్ధతులు కుదరవు, అంతే” అన్నాడు పెంచలయ్య.

“కుదరవని తీగ చెప్పిందా, నువ్వు చెప్తాండావా?”

వాడికి ఒళ్ళు మండింది. నేరుగా మాస్టారి దగ్గరికి పోయి ఎదురు నిలబడ్డాడు. “నాది తప్పయితే రుజువు చెయ్యండి మాస్టారూ. కాకపోతే ఆమెకు మీరే చెప్పి పంపించండి.”

జిలానీ మాస్టారు గడియారం చూశారు. “అన్నం వేళయింది బేటా. పద.”

వంటింటి ముందు బండి సిద్ధంగా ఉంది. క్యారియర్లన్నిటికీ చీటీలు కట్టి ఉన్నాయి. పాత వంటాయన చీటీ మీద వార్డు పేరు, తన పేరు రాసి, కింద గిన్నెలెన్నో రాస్తాడు. కొత్తగా వచ్చిన వంటామె అదే చోట జావ అనో, ఉప్పు లేని కూర అనో రాస్తుంది. ఒకరి పద్ధతి ఒకరికి గిట్టదు. అయినా బండి ఒకటే.

మాస్టారు వంగి, గిన్నెల లెక్క రాసిన క్యారియర్లను ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెట్టసాగారు.

పెంచలయ్య బిత్తరపోయాడు. “ఏం చేస్తాండారు మాస్టారూ?”

“ఒక బండి మీద రెండు పద్ధతులు కుదరవంట.”

“అవి కాన్పుల వార్డుకు పోవాల. పచ్చి బాలింతలు ఆకలితో ఉంటారు!”

“ఉండనీ. కొత్త పద్ధతిలో చీటీ రాయించుకున్నప్పుడు తింటారు.”

మరో క్యారియర్ కిందికి దిగింది. పెంచలయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. గురువన్న సంగతే మరిచిపోయి ఆయన మణికట్టు పట్టేసుకున్నాడు.

“పిచ్చి పట్టిందా మీకు? చీటీ చూస్తే తెలీదా? నాలుగు అని ఉంటే నాలుగు గిన్నెలు. జావ అని ఉంటే జావ. ఇన్నాళ్ళు తోసినా, ఒక్కరికైనా తప్పిచ్చినానా? ఇందులో తికమక ఎక్కడుంది?”

మాస్టారు చెయ్యి విడిపించుకోలేదు.

“నువ్వు చూసినావు బేటా. నీ సర్వర్‌ను చూడనిచ్చినావా?”

పెంచలయ్య పట్టు సడలింది. గట్టు మీది క్యారియర్లను తిరిగి బండిలో సర్దాడు. బండిని మాస్టారికి వదిలేసి సర్వర్ గదికి పోయాడు, దాదాపు పరుగే.

మూడో గడిలో పదిహేను వందలకు మించని అంకె ఉంటే అది పొడవు. రకాన్ని చెప్పే అంకెలన్నీ అంతకంటే పెద్దవే. ఒకదానికొకటి అడ్డు రాకూడదని ఎవరో ముందే ఆలోచించి అట్లా పెట్టారు. వాడు మాస్టారికి గడగడా అప్పజెప్పిన పాఠమే ఇది. సిగ్గుతో చెవులు కాలిపోతుంటే, పాత పద్ధతిని కూడా వినమని సర్వర్‌కు చెప్పాడు.

మందుల గదిలోంచి కుళ్ళాయమ్మ కేక వినబడింది. “వచ్చిందిరోయ్!”

వాడు మందుల గదికి వచ్చేసరికి ఆటో అప్పటికే గుమ్మంలో ఉంది. మేనేజరు మండిపడ్డాడు. “పనికిరావని చెప్పింది నువ్వే కదరా?”

“నేనే చెప్పినా సార్. తప్పు చెప్పినా. ఆటోను పంపించేయండి.”

“పంపను. ఏం చేస్తావ్?”

పెంచలయ్య పోయి కుళ్ళాయమ్మ కుర్చీ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. “అయితే వాటితో పాటు నన్ను కూడా ఎక్కించండి.”

కుళ్ళాయమ్మ తెర మీద డాక్టరు రాసిన మందులు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఆమె తలెత్తింది. “సార్, కొంచెం పక్కకు జరగండి. వెనక జనం ఉండారు.”

ఈ బేరం తెగేది కాదని ఆటోవాడు బండి తిప్పుకున్నాడు. అంతలో జిలానీ మాస్టారు అన్నం బండి తోసుకుంటూ అటే వచ్చారు.

“చూడండి మాస్టారూ, మీ శిష్యుడి పొగరు!” అన్నాడు మేనేజరు.

మాస్టారు నేల మీది పెంచలయ్యను చూశారు.

“పొగరు పొద్దున ఉండింది సార్” అన్నారు. “లేయ్ బేటా. కాన్పుల వార్డు ఇంకా తినలేదు.”