కుళాయి గుంట

కందుకూరులో చెంచుబాబు అనే ముప్పై ఏళ్ల మనిషి ఉండేవాడు; ఎదురుపడిన ప్రతివాణ్ణీ సలహా అడిగేవాడు కానీ, అసలు సంగతి తెలిసినవాళ్ల దగ్గర రెండు నిమిషాలు నిలబడేవాడు కాదు.

అతను తన జెరాక్సు దుకాణం అమ్మేసి ఇళ్ల వ్యాపారంలోకి దిగాడు. పద్ధతి తేలిగ్గానే కనిపించింది. పాత ఇంటికి బేరం కుదుర్చుకోవాలి. బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకోవాలి. ఇంటికి మెరుగులు దిద్ది, గడువులోగా ఎక్కువ ధర ఇచ్చేవాళ్లను చూసుకోవాలి. రిజిస్ట్రేషను సొంతదారు నుంచి సరాసరి వాళ్ల పేరు మీదే జరుగుతుంది. మధ్యలో మిగిలింది లాభం. గడువులోగా ఎవరూ కొనకపోతే బయానా పోతుంది.

మొదటి ఇల్లు నర్సు రమాదేవిది. ఆమెకు అద్దంకి బదిలీ అయింది. ధర ఇరవై రెండు లక్షలు, బయానా రెండు లక్షలు, గడువు మూడు నెలలు. చెంచుబాబు కాగితాలు జాగ్రత్తగానే చూశాడు. ఇంటి మీద అప్పులూ తాకట్లూ లేవని తేల్చుకోవడానికి ఈసీ తీయించాడు. పాత దస్తావేజులు వకీలుకు చూపించాడు. అంతవరకు తప్పేమీ లేదు.

తాళాలు ఇచ్చే రోజు రమాదేవి, "కూర్చో బాబూ, కాఫీ తాగుదువుగాని. ఇంటి సంగతులు నాలుగు చెబుతాను" అంది.

"కాగితాలన్నీ చూశానమ్మా, ఇంకేముంటాయి? అవతల వాస్తు ఆయన ఎదురుచూస్తున్నాడు" అంటూ చెంచుబాబు తాళాలు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఇంటి ముందు వాకిట్లో నడుములోతు గుంట ఒకటి ఉండేది. దాని అడుగున మునిసిపాలిటీ కుళాయి. నీళ్లు పట్టుకోవాలంటే మూడు మెట్లు దిగాలి. చెంచుబాబుకు ఆ గుంటను చూస్తేనే చిరాకు వేసింది. దాన్ని పూడ్పించి, వాకిలంతా టైల్సు వేయించి, గోడకు ఛాతీ ఎత్తున తళతళలాడే కొత్త కుళాయి పెట్టించమన్నాడు.

ప్లంబరు మాల్యాద్రి గుంటలోకి తొంగిచూశాడు. "ఈ గుంట ఎందుకు తవ్వారో కనుక్కున్నావా అన్నా?"

"ఎందుకేముంది, దోమలకి! నువ్వు పూడ్చు."

"పూడ్చమంటే పూడుస్తా. నాదేం పోయింది" అన్నాడు మాల్యాద్రి.

మునిసిపాలిటీ నీళ్లు తెల్లవారుజామున కాసేపు వచ్చి ఆగిపోయేవి; పనివాళ్లు తొమ్మిదింటికి వచ్చేవాళ్లు. సిమెంటు పనికి బోరు నీళ్లు వాడుకునేవాళ్లు. అవి ఉప్పునీళ్లు, వాడకానికే తప్ప తాగడానికి పనికిరావు. నెల తిరిగేసరికి ఇల్లు కొత్తదానిలా తయారైంది. ఖర్చు లక్షన్నర అయింది. చెంచుబాబు ఇరవై ఏడు లక్షలు చెప్పడం మొదలుపెట్టాడు.

మొదట ప్రభుదాసు, సుగుణ అనే దంపతులు వచ్చారు. గదులు నచ్చాయి, వంటిల్లు నచ్చింది. కుళాయి చూసి సుగుణ, "నడుము వంచక్కర్లేదు, బాగుంది" అని నవ్వింది. ప్రభుదాసు బయానా ఎంత ఇవ్వాలని కూడా అడిగాడు. తీరా వీధిలోకి వచ్చి పది నిమిషాలు గడిచాక, "ఆలోచించి చెబుతాం" అని వెళ్లిపోయారు. మళ్లీ ఫోను ఎత్తలేదు.

రెండోవాళ్లూ అంతే. మూడోవాళ్లూ అంతే. లోపల మురిసిపోయేవాళ్లు, వీధిలోకి రాగానే మొహం మార్చేవాళ్లు. చెంచుబాబుకు ఏమీ అర్థం కాలేదు.

బావమరిదిని అడిగాడు. "పసుపు రంగు ఎవడు కొంటాడు బావా?" అన్నాడతను. తెల్ల రంగు వేయించాడు. వాస్తు ఆయన్ను అడిగాడు. "గేటు రెండడుగులు జరగాలి" అన్నాడాయన. జరిపించాడు. ఒక బ్రోకరు ధర తగ్గించమన్నాడు. మరో బ్రోకరు, తగ్గిస్తే అనుమానపడతారు, పెంచమన్నాడు. సోమవారం తగ్గించి గురువారం పెంచాడు. బజ్జీల బండి దగ్గర పరిచయమైన మనిషి దిష్టి తీయమంటే గుమ్మానికి గుమ్మడికాయ కట్టాడు. అయిదోవాళ్లూ ఆలోచించి చెబుతామన్నారు.

గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. చెంచుబాబు అరుగు మీద కూలబడ్డాడు. రంగా? గేటా? ధరా? తన మొహమా? ఏదీ తేలలేదు. గొంతు ఎండిపోయింది. పక్కింటి గుమ్మంలో కరీమున్ బీ బియ్యం చెరుగుతోంది. ఆమె నలభై ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటోంది. ఈ రెండున్నర నెలల్లో అతను ఆమెను పలకరించింది లేదు.

"అత్తా, కాసిని మంచినీళ్లిస్తావా?" అన్నాడు.

ఆమె చెంబు తెచ్చిచ్చింది. "తాగు. మా గుంటలో పట్టినవే. మీ ఇంట్లో ఇప్పుడెట్టాగూ రావుగా!"

చెంచుబాబు తాగుతున్నవాడల్లా ఆగిపోయాడు. "రావా? కొత్త కుళాయి పెట్టించానే!"

"ఎంత కొత్తదైతే మాత్రం? ఈ వీధి మెరక, అబ్బయ్యా. పైపులో నీళ్లు ఇంత ఎత్తు ఎక్కవు. అందుకే అందరం గుంటలు తవ్వుకుంది. వీధిలో ఏ వాకిలైనా చూడు."

అతను వీధంతా చూశాడు. ప్రతి వాకిట్లోనూ గుంట ఉంది.

"అయితే వచ్చినవాళ్లకు నువ్వే చెప్పావా?"

"అడిగినవాళ్లకు చెప్పా. ఇల్లు చూడవచ్చిన ప్రతి ఆడమనిషీ పోతాపోతా నా దగ్గరకొచ్చి మంచినీళ్లొస్తాయా అని అడిగింది. వస్తాయని అబద్ధం చెప్పమంటావా ఏంది?"

"మరి నాకెందుకు చెప్పలేదత్తా?"

"నువ్వు ఆగితేగా! ఫోను చెవిన పెట్టుకుని మా గడప ముందు నుంచే పోతివి. గేటు జరుపుతుంటే అనుకున్నా, నీళ్లు గేటులోంచి వస్తాయనుకుంటున్నాడేమోనని."

చెంచుబాబు మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకు వచ్చాడు. కరీమున్ బీ గుంటలో కుళాయి ధారగా పోస్తోంది. తన తళతళలాడే కుళాయి తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది. చుక్క నీరు రాలేదు.

ఆ రోజే మాల్యాద్రిని పిలిచి టైల్సు పగలగొట్టించి, గుంట మళ్లీ తవ్వించి, కుళాయిని దాని అడుక్కు దింపించాడు. "పూడ్చినందుకు ఒక కూలి, తవ్వినందుకు ఒక కూలి. నీలాంటివాళ్లు నలుగురుంటే చాలన్నా" అన్నాడు మాల్యాద్రి.

తర్వాత ప్రభుదాసు ఇంటికి స్వయంగా వెళ్లి జరిగింది దాచకుండా చెప్పాడు. సుగుణ నమ్మలేదు. రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున తన బిందె తానే తెచ్చుకుని గుంటలోకి దిగింది. బిందె నిండింది. రెండోసారి పెట్టింది. మళ్లీ నిండింది. అప్పుడు పైకి చూసి, "ఇరవై మూడున్నర. ఒక్క రూపాయి ఎక్కువైనా వద్దు" అంది.

గడువు నాలుగు రోజులే మిగిలింది. చెంచుబాబు సరేనన్నాడు. బయానా దక్కింది, మొదట మెరుగులకు పెట్టిన లక్షన్నరా తిరిగి వచ్చింది. మూడు నెలల తిరుగుడుకూ, తెల్ల రంగుకూ, గేటుకూ, గుంట కూలికీ ఏమీ రాలేదు.

రిజిస్ట్రేషను రోజున రమాదేవి అంతా విని నవ్వింది. "ఆ రోజు కూర్చోమంది ఈ గుంట సంగతి చెబుదామనే బాబూ."

"చెప్పడానికి ఎంతసేపు పట్టేదమ్మా?"

"కాఫీ చల్లారేలోపే అయిపోయేది."

రెండో ఇంటికి వెళ్లినప్పుడు చెంచుబాబు కాగితాలు అడగలేదు. ముందు పక్కింటి తలుపు తట్టి, "అత్తా, ఈ ఇంటి సంగతులు కాస్త చెబుతారా?" అన్నాడు. తర్వాతే ఈసీ తీయించాడు.

నీతి: ఇల్లు కొని అమ్మాలనుకునేవాడు దేన్నైనా మార్చే ముందు అది అక్కడ ఎందుకుందో తెలుసుకోవాలి, ఆ సంగతి సలహాలిచ్చేవాళ్లకు తెలియదు, అక్కడ బతికినవాళ్లకే తెలుస్తుంది.