గవర్రాజు ఇంటి బీపీ పుస్తకం

గోదావరి కాలవ పక్కన ఒక ఊళ్ళో పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే ఇల్లొకటి ఉంది. గవర్రాజు, ఆయన పెళ్ళాం వెంకాయమ్మ, తమ్ముడు నూకరాజు. ఉన్నది ముగ్గురే గానీ తెలివి ముప్పై మందికి సరిపోయేంత ఉందని వాళ్ళ నమ్మకం. "ఒక్క ముక్క నాలిక మీద వేసుకుంటే చాలు, జాడీ మొత్తం సంగతి చెప్పేస్తాం" అని ఊరంతా చాటుకునేవాళ్ళు. పచ్చడి వరకూ అది నిజమే, పాపం.

ఒకసారి గవర్రాజుకి కాళ్ళు వాచి చెప్పులు పట్టలేదు. వెంకాయమ్మ పెద్ద చెప్పులు కొనిపెట్టింది. అవీ పట్టకపోయాక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు.

"బీపీ నూట ఎనభై ఉందండీ" అంది డాక్టరమ్మ. "కిడ్నీలు జల్లెడల్లాంటివి. రక్తం అంత జోరుగా కొడుతుంటే పాడైపోతాయి. పాడైన కిడ్నీ తనకి రక్తం చాలడం లేదనుకుని హార్మోన్లను రేపుతుంది. దాంతో రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి, బీపీ ఇంకా పెరుగుతుంది. ఇలాగే వదిలేస్తే ప్రాణానికే ముప్పు. ఉప్పు బాగా తగ్గించండి. రోజుకో మాత్ర. రోజూ బీపీ చూసి పుస్తకంలో రాయండి. నూట ముప్పై లోపు ఉండాలి."

వెంకాయమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మొగుడంటే ఆమెకి అంత ప్రేమ. ఇంటికెళ్ళగానే కూరలో ఉప్పు మానేసింది. చప్పిడి కూర ఆయనకి దిగడం లేదని ముద్దకో ఆవకాయ ముక్క నంజుకోమంది.

తరవాత బీపీ మిషను కొనుక్కొచ్చి గవర్రాజు చేతికి కట్టారు. నూట ఎనభై.

"నూట ముప్పై లోపు ఉండాలన్నారుగా, ఇది రాయకూడదు" అని వెంకాయమ్మ తన చేతికి కట్టుకుంది. నూట నలభై. నూకరాజు చేతికి కట్టారు. నూట పది!

"ఇదే రాసెయ్ వదినా! ఒకే పొయ్యి మీది కూడు తినేవాళ్ళం, ఒకే జాడీలో ముక్కలం. ఏ ముక్క చూస్తే ఏంటి?" అన్నాడు నూకరాజు.

అంతే, పుస్తకంలో నూట పది పడింది.

మర్నాడు మాత్ర ఎవరు మింగాలని పేచీ వచ్చింది. "పుస్తకంలో ఉన్న చెయ్యి నీది. మందు పనిచేసేదీ లేందీ నీ చేతికేగా తెలియాలి, నువ్వే మింగు" అన్నాడు గవర్రాజు. నూకరాజు మింగాడు. నంబరు వంద అయింది, తొంభై అయింది, ఎనభై అయింది. ఇంట్లో ఒకటే పండగ. గవర్రాజు మొహం ఉబ్బితే ఒళ్ళు చేశాడనుకుని వెంకాయమ్మ దిష్టి కూడా తీసింది. ఇంకేముంది, పదో రోజున నూకరాజు కారం దంచుతూ దంచుతూ కళ్ళు తిరిగి రోటి పక్కన వెల్లకిలా పడ్డాడు.

"ఏరా, ఎలా ఉంది?" అన్నాడు గవర్రాజు కంగారుగా.

"నాకేం బాగాలేదు అన్నయ్యా. నీకు మాత్రం ఇప్పుడు ఎంత హాయిగా ఉండుంటుందో!" అన్నాడు నూకరాజు పడుకునే.

అంతలో డాక్టరమ్మ ఫోను చేసి మూత్రం పరీక్షకి సీసా పట్టుకురమ్మంది. జాడీలో అడుగూ పైనా కలిపితేనే కదా రుచి తేలేది! అందుకని ముగ్గురిదీ కలిపి, ఖాళీ మాగాయ సీసాలో పోసి పట్టుకెళ్ళారు. ల్యాబులో కుర్రాడు మూత తీసి ఏడుసార్లు తుమ్మాడు.

డాక్టరమ్మకి అనుమానం వచ్చి గవర్రాజు చెయ్యి లాక్కుని చూసింది. నూట తొంభై! సంగతంతా విన్నాక లేచి నిలబడింది. "మనుషులు పచ్చడి ముక్కలు కారమ్మా! ఎవరి కిడ్నీలు వాళ్ళవే. ఇంకో నెల ఇలాగే చేస్తే ఈయన మనకి దక్కడు. మాత్ర ఈయన కడుపులోకే వెళ్ళాలి, తెలిసిందా?"

వెంకాయమ్మ భోరుమంది. "మా తెలివి తగలెయ్య! ఇకనించి ఒక్క మాత్ర కూడా పక్కకి పోనివ్వనమ్మగారూ" అని ఒట్టు పెట్టి, ముప్పై మాత్రలు పట్టుకెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే జాడీ చంకనేసుకుని మళ్ళీ వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఇంక మాత్ర తప్పే మాటే లేదండీ. ముప్పై మాత్రలూ దంచి ఆవకాయలో కలిపేశాను. సరిగ్గా ముప్పై ముక్కలు, రోజుకొకటి. ఇంకెవరూ ముట్టుకోకుండా మూత మీద ఆయన పేరు కూడా రాయించానండీ."

డాక్టరమ్మ జాడీ మూత తీసి చూసింది. "మరి ఉప్పు?" అంది నీరసంగా.

"అయ్యో, మర్చిపోతానా అమ్మగారూ! గిద్దెడు ఎక్కువే వేశాను. నెల్లాళ్ళు ఉండాల్సిన మందు, బూజు పట్టకుండా ఉండొద్దూ?"