ఎర్రదారానికి అవతలి జానెడు

ఇందుమతి గారికి ఒక అలవాటుంది. సహకార శిక్షణ కేంద్రంలో ఆవిడ చెప్పేది చట్టమే, కానీ ఎవరైనా ప్రశ్న వేస్తే ముందు చట్టం పుస్తకం మూసేస్తారు. "జవాబు ఇందులో ఉంటే నువ్వే చదువుకునేదానివి కదా" అంటారు.

ఆ రోజు ప్రశ్న వేసింది మెహరున్నీసా. కొత్తగా ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో చేరి శిక్షణకు వచ్చింది. చెప్పిందల్లా నోటుబుక్కులో ఎక్కిస్తుంది, నమ్మనిదాని కింద గీత గీస్తుంది. "మేడమ్, నలభై వాటాలు కొన్నవాడికీ ఒకటే ఓటు, ఒక్క వాటా కొన్నవాడికీ ఒకటే ఓటు అంటున్నారు. డబ్బు ఎక్కువ పెట్టినవాడిది కాకపోతే, మరి సంఘం ఎవరిది?"

ఇందుమతి గారు పుస్తకం మూసి, ఇన్‌స్పెక్టరుగా తన మొదటి ఏడాదిలో కళ్ళారా చూసింది చెప్పారు.

సముద్రానికి దగ్గరలో ఒక నేత ఊరు. అక్కడి చేనేత సహకార సంఘం తన సభ్యుడికి నూలు ఇస్తుంది. సభ్యుడు గుడ్డ నేసి తెచ్చి మజూరీ పుచ్చుకుంటాడు. సభ్యుడు లేని ఇంటికి నూలు రాదు. నూలు రాని ఇంట్లో మగ్గం ఉట్టి కర్రల పోగు. సాంబమూర్తి అనే సభ్యుడు చనిపోయాక అతని భార్య నాంచారమ్మకి మిగిలినవి ఆ మగ్గం, ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు.

సాంబమూర్తి తమ్ముడు గంగాధరం బస్టాండు దగ్గర సోడాల కొట్టు నడిపేవాడు. అన్నగారి సభ్యత్వ పత్రంలో వారసుడిగా అతని పేరుంది. అది సాంబమూర్తి పెళ్ళికి ముందు రాసిన కాగితం, తరవాత మార్చాలని ఎవరికీ తోచలేదు. "వదినా, సభ్యత్వం నా పేరున పెట్టించుకుంటాను. మగ్గం మీద మనిషిని కూర్చోబెడతాను. నువ్వు వాడికి నూలు కండెలు చుట్టిపెట్టు. నీకూ ఏదో ఒకటి ఇస్తాలే" అన్నాడు. ఆడవాళ్ళ పనికి మన దేశంలో ఎప్పటినుంచో ఖరారై ఉన్న రేటు అది: ఏదో ఒకటి.

నాంచారమ్మ తిన్నగా సంఘం ఆఫీసుకి నడిచింది. సభ్యత్వానికి తన పేరుతో దరఖాస్తు పెట్టింది.

సర్వసభ్య సమావేశం రోజున మగ్గాల షెడ్డు కిటకిటలాడింది. లోపల సభ్యులు, అంటే మగవాళ్ళు. కిటికీల దగ్గర వాళ్ళ భార్యలు, తల్లులు, చంకల్లో పిల్లలు. అధ్యక్షుడు కోటిలింగం నలభై వాటాల ఆసామి, దరఖాస్తును రెండు వేళ్ళతో పట్టుకుని ఊపాడు.

"కండెలు చుట్టేవాళ్ళంతా నేతగాళ్ళయితే, రేపు నేతగాడికి అన్నం వండేవాళ్ళు కూడా సంతకానికొస్తారు!"

"వస్తాం! పెన్ను సిద్ధంగా పెట్టుకోండి!" అని కిటికీలోంచి ఒక ముసలి గొంతు. షెడ్డు అదిరేలా నవ్వారు, లోపలా బయటా.

సమావేశానికి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ, అంటే ఇందుమతి గారి వైపు తిరిగాడు కోటిలింగం. "మీరైనా చెప్పండి మేడమ్. వారసుడు గంగాధరం ఉండగా ఈ పేచీ ఏంటి?"

"వారసుడికి వాటా సొమ్ము వస్తుందండీ, సభ్యత్వం రాదు. నేత పని వచ్చిన పెద్దవాళ్ళు ఎవరైనా చేరవచ్చని మీ బైలాలోనే రాసుకున్నారు."

"ఎవరైనా అంటే, ఎవరు పడితే వాళ్ళా?"

"చెయ్యి చూడండి. ఇద్దరిదీ."

చెయ్యి చూడటం ఆ సంఘం ఆచారం. కొత్తగా చేరేవాళ్ళు షెడ్డులోని మగ్గం మీద అందరి ముందూ జానెడు గుడ్డ నేయాలి. ఒకరిది అయిపోగానే ఎర్రదారం ఒక వరస వేసి, దాని అవతల రెండోవాళ్ళు నేయాలి. నేసినవాళ్ళు మగ్గం దిగి గుంపులో కలిసిపోయాకే గుడ్డకు గ్రేడు వేసే సూరయ్యని లోపలికి పిలవాలి. ఎప్పుడో ఒక అధ్యక్షుడు తన అల్లుడికి మొదటి గ్రేడు వేయించుకున్నాక పెట్టుకున్న కట్టుబాటు అది. సూరయ్యకి అప్పటికే కళ్ళు మసకేశాయి. అయినా ఊరంతటికీ ఆయన బొటనవేలే తీర్పు. ఆ వేలు పెట్టి గుడ్డ ఎవరి మగ్గం మీద దిగిందో చెప్పేవాడు.

ముందు గంగాధరం కూర్చున్నాడు. చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్నదేదో గుర్తు చేసుకుంటూ, పేక దారం మోసే నాడె విసిరాడు. అది అవతలికి పోవడం మానేసి ఒళ్ళో పడింది. "సోడా బుడ్డి అనుకున్నావా అబ్బాయ్, గట్టిగా కొడితే పేలడానికి!" అని మళ్ళీ కిటికీ. జానెడు పూర్తయ్యేసరికి చొక్కా తడిసిపోయింది.

ఎర్రదారం వేశారు. నాంచారమ్మ చెప్పులు వదిలి, మగ్గం గుంటలోకి కాళ్ళు దించింది. దించాక ఇంకెవరి వైపూ చూడలేదు. నాడె అటూ ఇటూ పోతోంటే కబుర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆమె దిగి, కిటికీ దగ్గర కూతురి పక్కకి వెళ్ళి నిలబడింది.

సూరయ్య వచ్చాడు. వంగి మొదటి జానెడు మీద బొటనవేలు పెట్టాడు. "ఇదేంట్రా, చేపలు పట్టుకునేదా?" అన్నాడు. గంగాధరం ఒక స్తంభం వెనక్కి జరిగాడు. వేలు ముందుకు పాకి, ఎర్రదారం దాటింది. ఆగింది. వెనక్కి వచ్చి, మళ్ళీ దాటింది. సూరయ్య తల ఎత్తాడు.

"సాంబమూర్తి పోయాడన్నారు కదరా!"

సూరయ్య వేలు మళ్ళీ గుడ్డ మీద ఆనించాడు.

"నాతో వేళాకోళమా? ఎడమ అంచు దగ్గర ప్రతి దెబ్బకీ వెంట్రుకవాసి వదులు. ఇది సాంబమూర్తి చెయ్యి! పదకొండేళ్ళు చూశాను, నాకు తెలియదా?"

"అది నా చెయ్యి బాబాయ్" అంది నాంచారమ్మ. "ఆయనకి నడుం పడిపోయిన కాడ్నుంచీ, ఆ పదకొండేళ్ళూ నాదే."

ముందు కిటికీలు గోలతో బద్దలయ్యాయి. వీధిలో ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది. తెలియనిది సంఘానికి. మూడేళ్ళు వరసగా ఉత్తమ నేతగాడని సాంబమూర్తి భుజాల మీద కండువా కప్పి చప్పట్లు కొట్టిన సంఘానికి! ఆ మూడు కండువాలూ ఆమె నేసినవే.

"మరి చెప్పలేదేంటమ్మా ఇన్నాళ్ళూ?" అన్నాడు సూరయ్య.

"మీరు గుడ్డ మీద చెయ్యి చూశారు, పుస్తకంలో పేరు చూశారు. రెండూ ఒక మనిషివేనని మీరే అనుకున్నారు. నన్నెవరడిగారు?"

ఓటుకి పెట్టారు. మొదట లేచిన చెయ్యి, ఆ మూడేళ్ళూ రెండో బహుమతితో సరిపెట్టుకున్న నేతగాడిది. "ఎవరి చేతిలో ఓడిపోయానో ఇన్నాళ్ళకి తెలిసింది" అన్నాడు. తరవాత ఇక లెక్కపెట్టడానికి కార్యదర్శి బల్ల ఎక్కాల్సి వచ్చింది. వ్యతిరేకించేవాళ్ళు ఎత్తండి అనగానే కోటిలింగం మండిపడుతూ లేచాడు. "నావి నలభై వాటాలు! ఈ షెడ్డు రేకులు నా డబ్బు!" అంటూ రెండు చేతులూ ఎత్తాడు.

కార్యదర్శి నెమ్మదస్తుడు. పుస్తకంలో రాస్తూ పైకి చదివాడు. "అధ్యక్షులవారు. చేతులు రెండు. ఓటు ఒకటి."

ఆ సాయంత్రం నాంచారమ్మ నూలు మూట తలమీద పెట్టుకుని వీధిలో నడుస్తోంటే, వెనక ఇరవైమంది ఆడవాళ్ళు దరఖాస్తు కాగితాల కోసం కార్యదర్శి ఇంటి వైపు నడిచారు.

తరగతిలో మెహరున్నీసా కళ్ళు మెరుస్తున్నాయి. చకచకా రాసుకుని, పైకి చదివి వినిపించింది: "సంఘం నాంచారమ్మకి సభ్యత్వం ఇచ్చింది."

ఇందుమతి గారు చేయి చాచి ఆ నోటుబుక్కు తీసుకున్నారు. చివరి మాట, 'ఇచ్చింది' మీద బొటనవేలు పెట్టారు.

"ఇది కొట్టెయ్యి తల్లీ. ఆ పదకొండేళ్ళూ ఎవరు ఇచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో సరిగ్గా చూసి, మళ్ళీ రాయి."