అంచు కట్టని చాప

అనగనగా కొండకీ కడలికీ నడుమ ఒక ఊరు. ఊరి పేరు అడక్కండి, చెప్పినా మీరెళ్ళరు. ఊఁ కొడితే చాలు, చెబుతాను.

ఆ ఊళ్ళో పోలమ్మ అనే ముసలమ్మ ఉండేది. ఈతాకు చాపలు అల్లి బతికేది. కూతురు కూలి కోసం ఓడెక్కి సముద్రం అవతలికి పోయింది. పోయిన మనిషి మళ్ళీ రాలేదు. ఆ కూతురి పసిగుడ్డు మాత్రం పోలమ్మ ఒళ్ళో మిగిలింది. పేరు పైడి.

పైడి పెరిగింది, బడికెళ్ళింది. చదవమంటే గడగడా చదివేస్తుంది. అర్థం చెప్పమంటే నేలచూపులే!

"అన్నీ చిలకపలుకులు," అన్నాడు పంతులు. "కోతలనాటికి మాటలకి అర్థం చెప్పలేకపోతే మేకలు కాసుకోవే."

పైడికి బడంటే ప్రాణం. ఏడుస్తూ ఇంటికొచ్చింది.

"ఊరుకోయే గుంటా," అంది పోలమ్మ. "నాకు అక్షరం ముక్క రాదు. అయినా రోజుకో మాట అట్టుకురా. అందులో ఏటుందో ఇద్దరం ఎతుకుదాం. నువ్వు మాట తెచ్చినాకే నేను అంచు కట్టి చాప ముగిస్తాను."

మర్నాడు గడపలోనే అడిగింది. "ఏటి మాట తెచ్చినావే?"

"కెరటం, మామ్మా."

"కథలో అదేటి చేసింది?"

"ఓడని ఎత్తి పడేసింది."

పోలమ్మ చాప ఒక కొస తాను పట్టుకుంది, ఇంకో కొస పైడి చేత పట్టించింది. మధ్యలో కొబ్బరిచిప్ప పెట్టి ఊపితే చిప్ప లేచి పడింది. "ఒలమ్మో, ఇదేనే!" ఇద్దరూ పడీపడీ నవ్వారు. పోలమ్మ అంచు కట్టేసింది.

ఇంకోనాడు. "ఏటి మాట తెచ్చినావే?"

"ఓర్పు, మామ్మా. కొంగది. చేప వచ్చేదాకా ఒంటికాలి మీద నిలబడింది."

పోలమ్మ పైడి చేతికి ఈతాకు ఇచ్చి, తెగకుండా సన్నగా చీల్చమంది. తెగింది. మళ్ళీ తెగింది. పొద్దుగూకేసరికి ఎలాగో ఒకటి తెగకుండా వచ్చింది. "ఇదేనే," అంది పోలమ్మ. అంచు కట్టేసింది.

మరోనాడు. "ఏటి మాట తెచ్చినావే?"

"ఎడబాటు, మామ్మా."

"కథలో ఏటయింది?"

"తల్లి లేడి వాగుకి అవతల, పిల్ల ఇవతల."

పోలమ్మ చేతులు ఆగిపోయాయి. ఇల్లంతా కలయజూసింది. "ఇది నాకాడ నేదే గుంటా," అంది. చాప అంచు కట్టకుండానే చుట్టి మూల పెట్టేసింది.

మామ్మ దగ్గర లేని మాట కూడా ఉంటుందా అని పైడి అలిగింది. ఆ అలక తీరకముందే మాయదారి జ్వరం వచ్చి పోలమ్మని తీసుకుపోయింది.

కోతలొచ్చాయి. పంతులు కెరటం అడిగాడు, పైడి చెప్పింది. ఓర్పు అడిగాడు, చెప్పింది. "మరి ఎడబాటు?" అన్నాడు.

పైడి లేచి ఇంటికి పరుగెత్తింది. "పోయింది, మేకల్లోకే!" అని పిల్లలు నవ్వారు. అది చాప తెచ్చి పంతులు ముందు పరిచింది.

"అంచు నేదండి. రోజూ గడపలో నిలబడతానండి. ఏటి మాట తెచ్చినావని అడగడానికి మామ్మ నేదండి. ఇదేనండి ఎడబాటు."

అంటుంటేనే దానికి తట్టింది. సముద్రం వైపు చూస్తూ చాపలల్లిన మామ్మ దగ్గర ఆ మాట బోలెడంత ఉండేది. పిల్లకి పెట్టడానికే మనసొప్పలేదు.

పంతులు కళ్ళు తుడుచుకున్నాడు. "కూర్చోవే తల్లీ. నీ చోటు నీదే," అన్నాడు.

ఇప్పటికీ ఆ వైపు, బడి నుంచి వచ్చిన పిల్లల్ని కాళ్ళు కడుక్కోకముందే "ఏటి మాట తెచ్చినావే?" అని అడుగుతారు. బెంగపెట్టుకున్న వాళ్ళని చూస్తే "అంచు కట్టని చాపలా ఉన్నావేటి?" అంటారు. పైడి మటుకు పండు ముసలిదయ్యాక కూడా ఆ చాపని ఎవర్నీ ముట్టనివ్వలేదు. మనవలు కట్టేస్తామంటే, "ఉండనీండ్రా, మామ్మ కడతాది," అనేది.