గుమ్మం పక్క స్టూలు

మురహరి తయారుచేసిన యాప్ పేరు తదేకం. పనికి కూర్చునేముందు మీట నొక్కి ఫోన్ బోర్లించాలి. మధ్యలో ఎత్తితే గడియారం మళ్ళీ సున్నాకి వచ్చేస్తుంది. రోజుకి ఆరు గంటలు ఎత్తకుండా ఉన్నవాళ్ళకి తెరమీద దీపం వెలుగుతుంది. మురహరి ఫోన్‌లో రెండేళ్ళుగా ఆ దీపం ఒక్కరోజు కూడా ఆరలేదు. ఆ సంగతి అతను సభల్లో చెప్పేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

చిక్కల్లా ఆడవాళ్ళతో వచ్చింది. ఎంతో ఇష్టంగా చేరేవాళ్ళు, వారం తిరక్కుండా మానేసేవాళ్ళు. పెట్టుబడి పెట్టినవాళ్ళు గ్రాఫు ముందు పడేసి, నెలాఖరుకల్లా కారణం చెప్పు, లేదా దుకాణం కట్టెయ్ అన్నారు.

ఆడవాళ్ళ మనసుకి నిలకడ లేదని చెప్పడానికి పూర్వం శ్లోకాలుండేవి. ఇప్పుడు గ్రాఫులున్నాయి. మురహరి ఆ గ్రాఫు పట్టుకుని హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్ళాడు.

అక్కడి కాలేజీలో అతనికి ప్రోగ్రామింగ్ నేర్పిన జుబేదా మేడమ్ రిటైరై, మంచం దిగలేని అక్క ఖైరున్ బీతో ఉంటోంది. ఏ చిక్కొచ్చినా మురహరికి ఆమే గురువు.

"రాప్పా. హిమజ రాలేదా?"

హిమజ అతని భార్య. ఇద్దరిదీ ఒకే క్లాసు. మేడమ్ బోర్డు మీద తప్పు రాస్తే లేచి చెప్పే ధైర్యం ఆ క్లాసులో హిమజ ఒక్కదానికే ఉండేది.

"ఇంట్లోనే ఉంది మేడమ్. పాప పుట్టాక ఉద్యోగం మానేసింది కదా. ఖాళీనే."

మేడమ్ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఏంటి నీ ప్రశ్న?"

"ఆడవాళ్ళకి ఏకాగ్రత ఎందుకు నిలవదు మేడమ్?"

ఆమె లేచి వెళ్ళింది. వంటింట్లోంచి ఒక స్టూలు తెచ్చి తన గది గుమ్మం పక్కన వేసింది. తన ఫోన్ అతని చేతిలో పెట్టింది.

"ఎనిమిదేళ్ళుగా ఒక పుస్తకం రాస్తున్నా. నలభై పేజీలు దాటలేదు. ఇవాళ రాసుకుంటా. సాయంత్రం దాకా ఇక్కడ కూర్చో. నన్నెవరూ పిలవకుండా చూడు."

"అంతేనా మేడమ్?"

"అంతే."

తలుపు మూసుకుంది.

గురువు చెప్పిన పని, అందులోనూ కూర్చునే పని. మురహరి సంతోషంగా ఒళ్ళో లాప్‌టాప్ తెరిచాడు. తదేకం మీట నొక్కి ఫోన్ పక్కన బోర్లించాడు.

కుక్కర్ కూసింది. ఎన్ని కూతలకి ఆపాలో మేడమ్ చెప్పలేదు. తలుపు కొట్టి అడగకూడదు. ఫోన్ ఎత్తి, ఏ పప్పుకి ఎన్ని కూతలో వెతికాడు. గడియారం సున్నాకి వచ్చింది.

గ్యాస్ బండ అతను వచ్చి ఓటీపీ అన్నాడు. అది మేడమ్ ఫోన్‌కి వచ్చింది. ఆ ఫోన్‌కి తాళం ఉంది. గేటు దగ్గర అతన్ని రేపు రమ్మని బతిమాలుకుని మురహరి వెనక్కి సగం దూరం వచ్చాడో లేదో, పక్క మిద్దె మీంచి ఒకావిడ కేకేసింది.

"ఓ అన్నా! ట్యాంకు పొర్లుతాంది! చెవుడా నీకు?"

మోటారు మీట ఎక్కడుందో వెతికేసరికి మెట్లన్నీ తడిసిపోయాయి.

"జుబేదా!" ఖైరున్ బీ పిలిచింది.

మురహరి మునివేళ్ళ మీద పరుగెత్తాడు. "మేడమ్ రాసుకుంటున్నారమ్మా. నాకు చెప్పండి."

"నువ్వెవరు?"

"మురహరిని. శిష్యుణ్ణి."

"నీళ్ళు."

పావుగంటకి మళ్ళీ "జుబేదా!" మళ్ళీ "నువ్వెవరు?" మధ్యాహ్నానికి ఆ ప్రశ్నకి అతని దగ్గర ఉన్న జవాబు కూడా అరిగిపోయింది.

అన్నిటికంటే కష్టం, ఏమీ జరగని నిమిషాలు. అప్పుడైనా పని చేసుకోవచ్చు. కానీ చెవులు వంటింట్లో, గేటు దగ్గర, మంచం దగ్గర ఉండిపోయేవి. లాప్‌టాప్‌లో ఒక వాక్యం సగంలో ఆగింది. సాయంత్రం దాకా అది సగంలోనే ఉంది.

పొద్దు వాలుతుంటే అతని ఫోన్ మోగింది. తదేకం పలకరింపు: "ఈ రోజు మీరేమీ చేయలేదు. రేపైనా గట్టిగా ప్రయత్నించండి."

ఆ మాటలు రాసింది అతనే. చురుక్కుమనాలని నాలుగుసార్లు దిద్ది మరీ రాశాడు.

తలుపు తెరుచుకుంది. మేడమ్ ముఖం తలంటుకున్నట్టు తేటగా ఉంది. చేతిలో పద్నాలుగు కాగితాలు.

"నువ్వేం చేశావు నాయనా?"

"ఏమీ లేదు మేడమ్. ఊరికే కూర్చున్నా."

ఆమె అతని ఫోన్ తీసుకుని ఆ రెండు వాక్యాలూ చదివింది.

"ఈ యాప్ హిమజ ఫోన్‌లో ఉందా?"

"అందరికంటే ముందు తనకే ఇచ్చాను."

"ఎన్నాళ్ళు వాడింది?"

నాలుగు రోజులు. ఐదో రోజు "నాకు పట్టుబడదులే" అని నవ్వి తీసేసింది. ఆ గ్రాఫులో మొదటి చుక్క ఆమెదే.

మేడమ్ ఫోన్ తిరిగి ఇచ్చింది.

"టీ తాగి వెళ్ళు. నువ్వే పెట్టు. అక్కకి చక్కెర వద్దు."

మర్నాడు పొద్దున అతను ఇల్లు చేరేసరికి హిమజ పాపని స్కూలు బస్సు ఎక్కించడానికి వెళ్ళింది. మురహరి తన పనిగది వైపు నడిచాడు. ఆగిపోయాడు.

గుమ్మం పక్కన నీలం ప్లాస్టిక్ స్టూలు ఉంది. దాని కింద పాప రంగు పెన్సిళ్ళు, సగం వలిచిన చిక్కుళ్ళ పళ్ళెం. ఆరేళ్ళుగా రోజూ దాన్ని దాటుకునే లోపలికి వెళ్తున్నాడు.

కూర్చున్నాడు. వెనక గోడ మీద, హిమజ తల ఆనేచోట, నూనె మరక. అది అతని చెవి ఎత్తుకి వచ్చింది.

హిమజ వచ్చింది. చెప్పులు విడుస్తూ చూసి కంగారుపడింది.

"అదేంటి, ఇక్కడ కూర్చున్నావ్? నెట్ పోయిందా?"

"లేదు. నువ్వు లోపలికెళ్ళి కూర్చో హిమా. ఇక్కడ నేనుంటాను."

ఆమె తలుపులోంచి గదిలోకి చూసింది. కుర్చీ, రెండు తెరలు, కిటికీ.

"కూర్చుని ఏం చెయ్యను మురహరీ?"

నవ్వుతోందేమోనని తలెత్తి చూశాడు. నవ్వడం లేదు. నిజంగానే అడుగుతోంది.