అచ్చియ్యమ్మ గడప మీద ఆరో బొట్టు

అనగనగా కాలవ గట్టునున్న ఒక ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది, చిన్నీ. ఏ పనైనా ఒద్దికగా ఉండాలి ఆవిడకి. ముగ్గులో ఒక్క గీత వంకరపోయినా చెరిపేసి మళ్ళీ వేసేది. ఎవరైనా ఒక మాటంటే మాత్రం ఏళ్ళు గడిచినా మర్చిపోయేది కాదు. ఎందుకు మర్చిపోవాలి చెప్పు?

ఆవిడకి అరవయ్యో ఏట చదువు మీద మనసు పుట్టింది. పక్కింటి పంతులమ్మ మధ్యాహ్నాలు తలుపులు దగ్గరగా వేసి, ఎవరికీ తెలియకుండా అక్షరాలు దిద్దించింది. "పెద్దమ్మా, ఇక రోజూ ఈ పుస్తకంలో మూడు ముక్కలు రాయండి. జరిగింది జరిగినట్టే రాయాలి సుమా" అంది.

అప్పటినుంచి అచ్చియ్యమ్మ ఒక్కరోజూ మానలేదు. మొదటి నెల గడిచేసరికి చేతికి వణుకు పోయింది. రెండో నెలకి కంటికి కొత్త చూపొచ్చింది. రాయడానికి రోజూ ఏదో ఒకటి కావాలి కదా! అందుకని చూరులో పిచిక పుల్ల దోపడం చూసింది, బీరపాదు పూత పట్టడం చూసింది. ఇల్లంతా సందడిగా తోచింది.

ఆ నెలలోనే గొడవొచ్చింది.

పక్క వీధిలో ఆవిడ చెల్లెలు కాంతం ఉండేది. కాంతం మనవరాలికి చెవులు కుట్టించారు. ఊరంతా వెళ్ళింది, అచ్చియ్యమ్మ వెళ్ళలేదు. "ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవని పేరంటానికి నేనెందుకెళ్తాను?" అని కూర్చుంది.

కాంతం పరుగున వచ్చింది. "వచ్చానక్కా! నీ తలుపుకి తాళం ఉంది. గడపకి బొట్టు పెట్టి వెళ్ళాను" అంది.

"నా గడప మీద నేను పెట్టిన బొట్లే ఉన్నాయి. అబద్ధాలాడకు" అంది అచ్చియ్యమ్మ, వీధంతా వినేలా.

ఆ తర్వాత కాంతం సున్నుండలు పంపింది. డబ్బా తిరిగొచ్చింది. అప్పుడు మనవరాలిని చంకనేసుకుని తనే వచ్చింది. తలుపు తెరుచుకోలేదు. మూడోసారి కొళాయి దగ్గర చెయ్యి పట్టుకుంది. అచ్చియ్యమ్మ విదిలించుకుని పోయింది. ఇక కాంతం రావడం మానేసింది. అయినవాళ్ళంటూ ఆ చెల్లెలొక్కతే ఉన్న అచ్చియ్యమ్మకి అన్నం సయించడం మానేసింది.

మూడో నెలాఖరుకి పుస్తకం నిండిపోయింది. తన రాత ఎంత కుదురుకుందో చూసుకుందామని మొదటినుంచి కూడబలుక్కుంటూ చదివింది. చెవులు కుట్టించిన వారం వచ్చింది. ఆ శుక్రవారం ఇలా రాసి ఉంది:

"గడపకి అయిదు బొట్లు పెట్టి చేలోకి వెళ్ళాను. వచ్చి చూస్తే ఆరున్నాయి. వయసు మీద పడింది, లెక్క తప్పుతున్నాను."

ఆ ఆరో బొట్టు కాంతం పెట్టిందే! వీధిలో అబద్ధమని అరిచింది తనే, నిజం రాసిందీ తనే! ఆ పేజీ చింపేస్తే ఎవరికీ తెలియదు. చెయ్యి పేజీ మీదికి వెళ్ళింది కూడా. కానీ తను రాసింది తను ఎలా చింపుకుంటుంది?

పుస్తకం చంకన పెట్టుకుని పక్క వీధికి నడిచింది. కాంతం వాకిట్లో చిక్కుడుకాయలు వలుస్తోంది. అచ్చియ్యమ్మ పలకరించలేదు, కూర్చోనూ లేదు. నిలబడే ఆ మూడు ముక్కలూ ఇరుగుపొరుగు వినేలా చదివింది.

కాంతం నోరు తెరిచి చూసింది. "నీకు చదవడమొచ్చా అక్కా!" అని ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చింది.

"తప్పు నాదే. ఇంకోసారి చెప్పించకు" అంది అచ్చియ్యమ్మ, చెల్లెలి కళ్ళు తుడుస్తూ.

కొత్త పుస్తకం మొదటి పేజీలో ఏం రాసుకుందో తెలుసా?

"ఇవాళ చెల్లెలింట్లో భోంచేశాను. చిక్కుడుకాయ కూరలో ఉప్పు తక్కువైంది. మారు అడిగి వేయించుకున్నాను."

కథ వెళ్ళె కంచికి,
కునుకొచ్చె కంటికి,
పద మనం ఇంటికి.